పదకొండు పిన్నులు

అయిదింటికి బోరేస్తే
ముందు ఉప్పొస్తది, ఎనక నీళ్లొస్తయి.
బకెట్ అంచుకు తెల్లగ పేరుకున్నట్టే
నా నెత్తికీ పేరుకుంటది.
షాంపూ నురుగు రాదు.
కుంకుడు రసం కండ్లల్ల పడితే
కడుక్కోను గూడ అవే నీళ్లు.
కృష్ణ నీళ్లు దినం తప్పి దినం,
అవి తాగెటందుకు, వండెటందుకు.
అండ్ల ఒక్క చెంబు దాస్త, దొంగతనంగ,
ఆఖరుకు నెత్తి మీద వంచుకోను.
ఆ చెంబెడే నా బ్యూటీ పార్లర్.

కుక్కర్ రెండో కూత లోపట
అక్షితకు రెండు జెడలు.
పాపిడి స్కేలు పెట్టి గీసినట్టుండాలె,
రిబ్బన్ పువ్వులు రెండు దిక్కుల ఒక్క తీరుగుండాలె,
లేకుంటె పీఈటీ సారు ప్రేయర్ల నిలవెడతడు.
నా నెత్తి సంగతి బస్సుల జూస్కుందం.

నార్కట్‌పల్లి నుంచి నల్లగొండకు.
కిటికీ సీటు దొరికితే కొప్పు,
దొరకకుంటె ఉత్త క్లిప్పు.
పెదవుల నడుమ మూడు పిన్నులు,
మోచెయ్యి పక్కామె ముక్కుకు తగలకుంట,
చర్లపల్లి స్పీడ్ బ్రేకర్ రాకముందే
ఆఖరి మలక తిప్పాలె.
కండక్టర్ లింగస్వామి నన్నేం అడగడు.
జీరో టికెట్ కొట్టి
దువ్వెన పండ్ల సందుల గుచ్చి పోతడు.

మూడేండ్ల కింద మేనేజర్ సారన్నడు:
"సైదమ్మగారూ, కస్టమర్ ముందుగా చూసేది
క్యాష్ కౌంటర్నే కదా, కొంచెం నీట్‌గా..."
అని మాట సగంల ఆపిండు.
ఆయన నెత్తి మీద ఎన్ని ఎంటికలున్నయో
నేను లెక్కపెట్టలేదు.
రెండు నిమిషాల పని అది.
కని ఆ సగం మాటను
రోజూ పొద్దుగాల నేనే పూర్తి చేస్తున్న.

రాలిన ఎంటికలు ఉండ చుట్టి
దర్వాజ పైన సందుల పెడుత.
ఎంటికలాయన వచ్చే యాళ్లకు నేనింట్ల ఉండ,
ఉండ పిచ్చుక గూడంత పెరిగింది.
దసరా సెలవుల దొరికిండు, సైకిల్ మీద.
తక్కెడలేసి పెదవి విరిచిండు:
"ఉప్పు నీళ్ల ఎంటికమ్మా, బిర్సుగుంటది, ధర పలుకది."
ఎనిమిది నెలల నా తలకు
ఒక అట్ట పిన్నులిచ్చిండు. డజను.
అండ్ల ఒకటి తుప్పుపట్టింది.

క్యాషియర్ను గద, లెక్క అలవాటు.
పదకొండు.
స్టాంపు ప్యాడ్ మూత ఇప్పబోతే ఒకటి వంగింది.
పింఛన్‌కొచ్చిన ముసలామె పాసుబుక్కు
అట్ట ఊడిపోతుంటే ఇంకోటి పెట్టిచ్చిన.
తొమ్మిదుండాలె.
శనివారానికి అయిదే ఉన్నయి.
దిండు కింద లేవు, డ్రాయర్ల లేవు,
బస్సుల సీటు కింద వంగి చూస్తే
ఎవలిదో చెవి కమ్మ దొరికింది.

ఆదివారం బిడ్డ సంచి ఉతుకుదమని దులిపితే
కంపాసు బాక్సు గలగలమన్నది.
నాలుగు.
ఒక్కదానికి నా ఎంటిక చుట్టుకొని ఉంది,
సగం నలుపు, మొదట్ల తెలుపు.

"ఎందుకు తీసినవే?"
గోడకానుకొని, బొటనవేలితోని గచ్చు గీకుకుంట,
"అన్ని అయిపోతే
నువ్వు బ్యాంకుకు పోవు గద" అన్నది.

కొట్టబోయిన చెయ్యి
ఉతికే బట్టల మీద పడ్డది.

సోమవారం అయిదు పిన్నులతోనే బస్సెక్కిన.
చాలలేదు.
కౌంటర్ల కూసున్నంక
పది రూపాయల కట్టకేసే రబ్బరు బ్యాండు
కొప్పుకేసిన.
మధ్యాహ్నానికి ఒక పాయ జారి
చెంప మీదికొచ్చింది.
మేనేజర్ సారు చూసిండు,
ఏం అనలే,
తన నెత్తి తడుముకున్నడు.

సాయంత్రం క్యాషు రూపాయి తేడా రాలేదు.

మంగళవారం, అయిదు, ఉప్పు, చెంబు, కుక్కర్.
అక్షిత జెడ అల్లుతుంటే
సంచిల బాక్సు సప్పుడైంది.
ఈసారి అయిదో, ఆరో.
వినపడనట్టే
పాపిడి మల్లొకసారి తీసిన.